దీపముండగానే ఇల్లు చక్కబెట్టిన పెద్దాయన

తెరమీద ఆయన దేవదాసు. ప్రేమకోసం తాగితాగి ప్రాణం వదిలినవాడు. తెర వెనక మాత్రం అచ్చమైన సంసారి. ఇల్లాలి పేరుతో స్టూడియో కట్టి, పిల్లల్నీ మనవల్నీ ఒక్క చెట్టు నీడన ఉంచి, చివరి సినిమాని వాళ్లతోనే పూర్తిచేసి వెళ్లిపోయిన ఇంటిపెద్ద. అక్కినేని నాగేశ్వరరావు నటన గురించి తెలియని తెలుగువాళ్లు లేరు. ఇది ఆ ఇంటి యజమాని కథ.

2013 అక్టోబరు. హైదరాబాద్‌లో అక్కినేని నాగేశ్వరరావు విలేకరుల్ని పిలిచారు. అప్పటికి ఆయనకు ఎనభై తొమ్మిదేళ్లు. పిలిచి ఆయన చెప్పిన కబురు తెలుగునాట ఇంటింటా పిడుగులా పడింది. తనకు కేన్సర్ వచ్చిందని ఆయనే స్వయంగా, స్పష్టంగా చెప్పారు. జాలి చూపించొద్దన్నారు. అభిమానుల ఆశీస్సులు చాలన్నారు. ఓపిక ఉన్నన్నాళ్లూ నటిస్తూనే ఉంటానన్నారు.

అంత పేరున్న మనిషికి జబ్బు చేస్తే ఏం జరుగుతుందో మనకు తెలిసిందే. ఆస్పత్రి వెనక గేటు నుంచి రాకపోకలు, 'కాస్త నలతగా ఉంది, అంతే' అంటూ ప్రకటనలు, ఊళ్లో రకరకాల పుకార్లు. ఆయన అందుకు ఆస్కారమే ఇవ్వలేదు.

ఇక్కడో చిత్రమైన సంగతి ఉంది. అప్పటికి ముప్ఫై రెండేళ్ల క్రితం, 1981లో, 'ప్రేమాభిషేకం' వచ్చింది. దాసరి నారాయణరావు దర్శకత్వం. అందులో కథానాయకుడికి కేన్సర్ అని తెలుస్తుంది. ప్రేమించిన అమ్మాయికి ఆ సంగతి చెప్పడు. చెబితే తన వెంటే ఉండిపోతుందని భయం. చెడ్డవాడిలా నటించి, ఆమె చేత అసహ్యించుకునేలా చేసుకుని, మరొకరితో పెళ్లి జరిగేలా చూస్తాడు. ఆ త్యాగం చూసి హాళ్లలో కొంగులు తడిసిపోయాయి. మరి నిజజీవితంలో అదే జబ్బు తలుపు తట్టినప్పుడు? దాచిపెట్టడం సినిమాకి బాగుంటుంది, ఇంటికి కాదనుకున్నారు అక్కినేని. ఇంట్లోవాళ్లకు తెలియాలి, బయటివాళ్లకూ తెలియాలి. తెలిస్తేనే మిగిలిన పని అందరూ కలిసి పూర్తిచేయగలుగుతారు.

ఆ మిగిలిన పని ఏమిటో తెలుసుకోవాలంటే ముందు ఆయన ఆ ఇంటిని ఎలా కట్టుకొచ్చారో చూడాలి.

అమ్మ చూపిన దారి

కృష్ణా జిల్లా గుడివాడ ప్రాంతంలోని రామాపురంలో 1924 సెప్టెంబరు 20న పుట్టారు నాగేశ్వరరావు. తల్లి పున్నమ్మ, తండ్రి వెంకటరత్నం. అయిదుగురు అన్నదమ్ముల్లో ఆఖరివాడు. వ్యవసాయ కుటుంబం. చదువు ప్రాథమిక స్థాయితోనే ఆగిపోయింది. అలాంటి ఇంట్లో కుర్రాడు నాటకాలంటూ తిరిగితే తిట్లే మిగిలేవి ఆ రోజుల్లో. కానీ ఈ కుర్రాడిని ఆ దారిలో నడిపించింది తల్లే. ఆడవాళ్లు రంగస్థలం ఎక్కని కాలం అది. చీర కట్టి, జడ వేసి, స్త్రీ పాత్రలు వేస్తూ పేరు తెచ్చుకున్నాడు అబ్బాయి.

తర్వాతి ఘట్టం తెలుగు సినిమా చరిత్రలో అందరూ చెప్పుకునేదే. విజయవాడ రైల్వేస్టేషన్లో దర్శకనిర్మాత ఘంటసాల బలరామయ్య కళ్లబడటం, మద్రాసుకి పిలుపు, 1944లో 'శ్రీ సీతారామ జననం'లో రాముడి వేషం. 'బాలరాజు', 'కీలుగుర్రం', 'లైలామజ్ను'... నాలుగైదేళ్లు తిరిగేసరికి ఆంధ్రదేశమంతా తెలిసిన ముఖం అయిపోయారు.

సినిమావాళ్లకు పిల్లనివ్వాలంటే జంకే రోజుల్లో, 1949 ఫిబ్రవరి 18న అన్నపూర్ణతో పెళ్లయింది. ఆ దంపతులకు అయిదుగురు పిల్లలు. ఇద్దరబ్బాయిలు, ముగ్గురమ్మాయిలు. ఆయన ఎప్పుడు ఏ వేషంలో ఎన్ని ప్రేమలు నటించినా, ఇంటి గడప లోపల లెక్క ఒక్కటే. అది అరవై రెండేళ్లకు పైగా తప్పలేదు.

పెరుగన్నం తిన్న దేవదాసు

1953లో 'దేవదాసు' వచ్చింది. తాగుబోతంటే ఇలాగే ఉంటాడు కాబోలని జనం నమ్మేసినంత సహజంగా చేశారు. ఆ మత్తు కళ్ల వెనక రహస్యాన్ని తర్వాతి రోజుల్లో ఆయనే నవ్వుతూ చెప్పేవారు. ఆ సన్నివేశాలు రాత్రిపూట తీసేవారట. షూటింగుకి ముందు కడుపునిండా పెరుగన్నం తినేవారట. నిద్ర ముంచుకొస్తుంటే కెమెరా ముందు నిలబడేవారు. బరువెక్కిన ఆ రెప్పలే మనకు మందు మత్తుగా కనిపించాయి.

ఈ పెరుగన్నం కబురులో మొత్తం మనిషి కనిపిస్తాడు. విషాదం తెరకే పరిమితం. ఇంటికి తీసుకెళ్లేది జీతం మాత్రమే. 'విప్రనారాయణ', 'భక్త తుకారాం' లాంటి సినిమాల్లో భక్తిలో కరిగిపోయి నటించిన ఆయన బయట తాను దేవుణ్ని నమ్మనని మొహమాటం లేకుండా చెప్పేవారు. వేషం వేరు, మనిషి వేరు. ఆ రెంటికీ మధ్య గీత ఎక్కడుందో ఆయనకు స్పష్టంగా తెలుసు.

డబ్బు విషయంలోనూ అంతే. అక్కినేని జాగ్రత్తపరుడని పరిశ్రమలో పేరు. దాన్ని కొందరు పిసినారితనం అని కూడా అన్నారు. కానీ ఆ జాగ్రత్త ఎందుకో అర్థం కావాలంటే ఆయన చుట్టూ ఏం జరిగిందో గుర్తుచేసుకోవాలి. తెలుగు తెరకు తొలి మహానటుడనిపించుకున్న చిత్తూరు నాగయ్య ఒకప్పుడు చేతికి ఎముక లేకుండా దానాలు చేసినవారు. 1973లో కన్నుమూసేనాటికి ఆర్థికంగా బాగా చితికిపోయారు. ఇక సావిత్రి. 'దేవదాసు'లో పార్వతి ఆమే. 'మూగమనసులు'లో పక్కన నిలిచిందీ ఆమే. ఆస్తులన్నీ చేజారి, నెలల తరబడి కోమాలో ఉండి 1981లో వెళ్లిపోయారు. తనతో కలిసి వెలిగినవాళ్లు ఇలా ఆరిపోవడం చూసిన మనిషి తన ఇంటి దీపానికి రెండు చేతులూ అడ్డుపెట్టుకుంటే తప్పేముంది?

అలాగని మూట కట్టి దాచుకోలేదు. తన చదువు మధ్యలో ఆగిపోయిందన్న లోటు ఆయన్ను జీవితమంతా వెంటాడింది. మద్రాసు వెళ్లాక పట్టుబట్టి ఇంగ్లిషు నేర్చుకున్నారు. కాలేజీ మొహం చూడని ఆయన కాలేజీకి దాత అయ్యారు. గుడివాడలోని అక్కినేని నాగేశ్వరరావు కళాశాల ఆయన పేరుతోనే ఉంది.

రాళ్లగుట్టమీద ఇల్లాలి పేరు

తెలుగు సినిమా మద్రాసులో స్థిరపడిపోయి ఉన్న రోజుల్లోనే, 1960ల్లో, అక్కినేని కుటుంబంతో సహా హైదరాబాద్ వచ్చేశారు. తనతో సినిమా తీయాలనుకునే నిర్మాతలు హైదరాబాద్‌లో తీయాలని పట్టుబట్టారు. అంతటి హీరోకి అది జూదమే. మద్రాసులో సమస్తం ఉంది. ఇక్కడ ఒకటీ అరా స్టూడియోలు తప్ప ఏమీ లేవు. అవకాశాలు తగ్గిపోతే? అయినా వెనక్కి తగ్గలేదు. తెలుగువాళ్ల సినిమా తెలుగువాళ్ల రాజధానిలో ఉండాలన్నది ఆయన పట్టు.

1974లో గుండె మొరాయించింది. అమెరికాలో ఆపరేషన్ చేయించుకున్నారు. అప్పటికి వయసు యాభై. గుండె ఆపరేషనంటే మనిషి తిరిగి రావడమే గొప్ప అనుకునే కాలం. ఇక విశ్రాంతి తీసుకుంటారని అందరూ అనుకుని ఉంటారు. ఆయన మాత్రం రెండేళ్లు తిరిగేసరికి బంజారాహిల్స్ రాళ్ల మధ్య ఇరవై రెండు ఎకరాల్లో స్టూడియో నిలబెట్టారు. 1976లో మొదలైన ఆ స్టూడియోకి పెట్టిన పేరు అన్నపూర్ణ.

ఆలోచిస్తే ఎంత పెద్ద మాట అది! 'దేవదాసు' పేరు పెట్టుకోవచ్చు. తన పేరే పెట్టుకోవచ్చు. అప్పటికే ఆ పేరు ఏ గేటు మీద రాసినా జనం ఆగి చూసేంత పెద్దది. ఆయన మాత్రం ఏనాడూ తెరమీద కనిపించని మనిషి పేరు పెట్టారు. మొగుడు అర్ధరాత్రి దాకా షూటింగుల్లో ఉంటే అయిదుగురు పిల్లల్ని పెంచిన మనిషి పేరు. ఈ ఆస్తికి అసలు యజమాని ఎవరో ఊరందరికీ తెలిసేలా బోర్డు కట్టినట్టయింది.

ఆ తర్వాత కూడా గుండె మరోసారి ఇబ్బంది పెట్టింది. 1988లో రెండో ఆపరేషన్. అయినా పాతికేళ్ల పాటు నటిస్తూనే ఉన్నారు.

చెట్టు నీడ, చెట్టు బరువు

పెద్ద చెట్టు కింద మొక్కలు ఎదగవంటారు. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకునేవాళ్లు ఉంటారని కూడా అంటారు. ఆ రెండు మాటలూ పడకుండా పిల్లల్ని పెంచడం ఏ ఇంటిపెద్దకైనా కత్తిమీద సామే. అందులోనూ తండ్రి నటసామ్రాట్ అయినప్పుడు!

చిన్నబ్బాయి నాగార్జునని ముందు చదువుకి పంపారు. అమెరికాలో ఇంజినీరింగ్ చదివి వచ్చాకే 1986లో 'విక్రమ్'తో తెరమీదికి వచ్చారు. మొదట్లో తండ్రితో పోలికలు తప్పలేదు. తర్వాత తన దారి తాను వెతుక్కున్నారు. 'శివ' లాంటి సినిమా తండ్రి బాణీకి ఏమాత్రం సంబంధం లేనిది. అదే అన్నపూర్ణ స్టూడియోస్ పేరు మీద 1989లో వచ్చి తెలుగు సినిమా నడకనే మార్చేసింది. పెద్దాయన తన అభిరుచిని కొడుకు మీద రుద్ది ఉంటే ఆ సినిమా పుట్టేదే కాదు.

కూతురి కొడుకు సుమంత్‌ని తాతా అమ్మమ్మలే తమ దగ్గర పెంచుకున్నారు. మరో మనవడు సుశాంత్, నాగార్జున కొడుకులు నాగచైతన్య, అఖిల్... ఒక్కొక్కరూ ఆ ప్రాంగణంలోంచే తెరమీదికి నడిచారు. అందరికీ ఒకేలా విజయాలు రాలేదు. సినిమా ఎవరికీ వారసత్వ హక్కు పత్రం రాసివ్వదు. పెద్దాయన ఇవ్వగలిగింది చోటు, పేరు, క్రమశిక్షణ. మిగతాది ఎవరి కష్టం వారిది.

ఇంటిపెద్ద పాత్రను ఆయన తెరమీద కూడా ఒకసారి మరచిపోలేనట్టు చేశారు. 1991లో క్రాంతికుమార్ తీసిన 'సీతారామయ్యగారి మనవరాలు'. మాటకు కట్టుబడే మనిషి సీతారామయ్య. పట్టుదలకు పోయి కన్నకొడుకుని దూరం చేసుకుంటాడు. ఏళ్లు గడిచాక అమెరికా నుంచి మనవరాలు వస్తుంది. పైకి రాయిలా కనిపించే తాత లోపల ఎలా కరిగిపోతాడో చూస్తుంటే ఎవరింటి తాతయ్య వాళ్లకు గుర్తొచ్చాడు. పెద్దరికం అంటే పంతం అనుకుంటే ఏం పోగొట్టుకుంటామో ఆ సినిమా చెప్పింది. అప్పటికి అరవై ఆరేళ్ల అక్కినేని తన ఇంట్లో ఆ తప్పు చేయలేదన్న సంగతి, చుట్టూ చేరిన కొడుకుల్నీ మనవల్నీ చూస్తే తెలిసిపోతుంది.

మన ఇళ్లలో తాతల తీరు వేరుగా ఉండేది. పడక్కుర్చీ, చేతికర్ర, పిల్లలు అటువైపు వెళ్లాలంటే హడల్. అక్కినేనిది ఆ తరమే కానీ ఆ తీరు కాదు. మనవల వయసు వాళ్లతో సరదాగా కబుర్లు చెప్పగలిగేవారు. సభల్లో జోకులు వేసి నవ్వించేవారు. ఎనభై దాటాక కూడా తెరమీద స్టెప్పులకు సిద్ధమన్నట్టే ఉండేవారు. భయంతో వచ్చే గౌరవం పెద్దాయన గది దాకానే ఉంటుంది. ఇష్టంతో వచ్చే గౌరవం ఆయన వెళ్లిపోయాక కూడా ఇంట్లో తిరుగుతుంది.

ముగ్గురూ ఒకే తెరమీద

2011 ఆ ఇంటికి రెండు కబుర్లు తెచ్చింది. పెద్దాయనకు పద్మవిభూషణ్ వచ్చింది. పద్మశ్రీ, పద్మభూషణ్, దాదాసాహెబ్ ఫాల్కే అంతకుముందే వచ్చాయి. అదే ఏడాది చివర, డిసెంబరు 28న, అన్నపూర్ణమ్మ కన్నుమూశారు. గేటు మీద పేరు అలాగే ఉంది. ఆ పేరుగల మనిషి లేదు.

ఎనభై ఏడేళ్ల వయసులో జీవన సహచరిని పోగొట్టుకున్న మగవాళ్లు ఎలా అయిపోతారో మనం మన ఇళ్లలోనే చూస్తుంటాం. భోజనం వేళకి పిలిచే గొంతు ఉండదు. మందులు గుర్తుచేసేవాళ్లు ఉండరు. సగం ప్రాణం అప్పుడే పోయినట్టు మంచం పడతారు. అక్కినేని మళ్లీ మేకప్ వేసుకున్నారు.

అదే 'మనం'. విక్రమ్ కె. కుమార్ చెప్పిన కథ. తాత, కొడుకు, మనవడు ముగ్గురూ కలిసి నటించాలన్నది ఆ ఇంటి చిరకాల కోరిక. ఆ కథలో వరసలన్నీ తిరగబడతాయి. రోడ్డు ప్రమాదంలో అమ్మానాన్నల్ని పోగొట్టుకున్న ఓ పసివాడు ముసలివాడవుతాడు. మళ్లీ పుట్టిన ఆ అమ్మానాన్నల్ని గుర్తుపడతాడు. ఆ ముసలివాడు నాగేశ్వరరావు, ఆయన నాన్న నాగార్జున! నాగార్జునకు తండ్రిగా మళ్లీ పుట్టేది నాగచైతన్య. పాత్రల పేర్లలో కూడా అదే ఆట. పెద్దాయన పాత్ర పేరు చైతన్య, నాగార్జున పాత్ర పేరు నాగేశ్వరరావు, నాగచైతన్య పాత్ర పేరు నాగార్జున. తండ్రిని కొడుకు ఎత్తుకుంటాడు, కొడుకుని తండ్రి నాన్నా అంటాడు. వృద్ధాప్యంలో తల్లిదండ్రులు పిల్లలైపోతారని మనవాళ్లు చెప్పే మాటను ఇంతకంటే తీయగా ఎవరు చెప్పగలరు?

సినిమా తయారవుతుండగానే జబ్బు సంగతి బయటపడింది. విలేకరులకు చెప్పారు. ఆపరేషన్ జరిగింది. నటన పూర్తయింది కానీ తన గొంతు ఇవ్వడం మిగిలి ఉంది. ఆయన స్టూడియో దాకా రాలేని పరిస్థితి. గొంతు అనుకరించేవాళ్లతో పని కానిచ్చేయొచ్చు. తెలుగునాట అక్కినేని గొంతు అనుకరించలేని మిమిక్రీ కళాకారుడు ఎవరున్నారు? ఆయన ఒప్పుకోలేదు. పరికరాలు ఇంటికే తెప్పించుకుని, ఆ స్థితిలోనే తన డబ్బింగు తానే చెప్పేశారు. ఎదురుగా కాలం ఎంత మిగిలిందో ఆయనకు తెలుసు. ఏ పని ముందో కూడా తెలుసు.

2014 జనవరి 22 తెల్లవారుజామున కన్నుమూశారు. మర్నాడు ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి, ఆయన కట్టిన అన్నపూర్ణ స్టూడియోలోనే. దారి పొడవునా జనం. ఊరూరి నుంచి వచ్చిన అభిమానుల్లో ఆయన వయసువాళ్లూ ఉన్నారు.

నాలుగు నెలల తర్వాత మే 23న 'మనం' విడుదలైంది. చీకట్లో కూర్చున్న ప్రేక్షకులకు మళ్లీ అదే గొంతు వినిపించింది. ఆఖర్లో అఖిల్ కూడా కనిపించేసరికి ఇల్లంతా తెరమీదికి వచ్చినట్టయింది. ఆ ఇంట్లోవాళ్లకు ఎలా ఉండి ఉంటుందో ఊహించండి. పోయినవాళ్ల గొంతు పాత టేపులో వినిపిస్తేనే గుండె ఆగినంత పనవుతుంది మనకి. వాళ్లకైతే తమ మధ్యే తిరుగుతూ, తమనే నాన్నా అని పిలుస్తూ పెద్దాయన కనిపించారు.

మిగిలినవి

ఆ సినిమా కోసం స్టూడియోలో వేసిన సెట్టు 2017లో జరిగిన అగ్నిప్రమాదంలో కాలిపోయింది. కట్టెలూ ప్లైవుడ్డూ బూడిదైపోయాయి. సినిమా ఉంది. స్టూడియోలోనే 2011లో మొదలైన సినిమా పాఠశాల ఉంది. బడి చదువు దక్కని మనిషి ఆవరణలో ఇప్పుడు కుర్రాళ్లు పుస్తకాలు పట్టుకుని తిరుగుతున్నారు.

2023 సెప్టెంబరు 20న, శతజయంతి సంవత్సరం మొదలైన రోజున, ఆ ప్రాంగణంలో ఆయన విగ్రహాన్ని మాజీ ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు ఆవిష్కరించారు. మరుసటి ఏడాది దేశంలోని పలు నగరాల్లో ఆయన పాత సినిమాలు మళ్లీ థియేటర్లలో ఆడాయి. గోవా అంతర్జాతీయ చిత్రోత్సవంలో రాజ్‌కపూర్, మహమ్మద్ రఫీ, తపన్ సిన్హాల సరసన ఆయన శతజయంతినీ జరిపారు. అవన్నీ నటుడికి దక్కిన గౌరవాలు.

ఇంటిపెద్దకు దక్కిన గౌరవం వేరే ఉంది. 2024 డిసెంబరు 4న మనవడు నాగచైతన్య పెళ్లి జరిగింది. అంత పెద్ద కుటుంబం. ఏ రాజస్థాన్ కోటలోనో, ఏ విదేశీ సముద్రతీరంలోనో చేసుకున్నా ఎవరూ కాదనరు. వాళ్లు అన్నపూర్ణ స్టూడియోలోనే పందిరి వేశారు, తాతగారి విగ్రహం ఉన్న చోటే.

మన ఇళ్లలో పెళ్లి జరిగేటప్పుడు పోయిన పెద్దల ఫొటోలకు దండ వేసి, ఒక్క నిమిషం ఆగి దండం పెట్టుకుంటాం. ఆ నిమిషంలో గుర్తొచ్చేవి వాళ్లు మనకోసం చేసి పెట్టినవే. ఎవరి చదువు ఆగకుండా చూశారో, ఎవరిని దగ్గర పెట్టుకుని పెంచారో, వెళ్లేముందు ఏ పని సగంలో వదలకుండా ముగించారో అవే. ఆస్తి పంపకాలు కాగితాల్లో ఉంటాయి. ఈ లెక్క మాత్రం ఇంట్లోవాళ్ల నోట్లో ఉంటుంది. అక్కినేని దాన్ని తన గొంతుతోనే చెప్పి, ముగించి వెళ్లారు.